నూకమ్మ కూర్చున్న చోటికే గుర్రం వచ్చింది

2022 వేసవి. కళింగపట్నం దగ్గరి పశువైద్యశాలకు బదిలీ మీద వచ్చి నాకు అప్పటికి ఏడాది. మా దగ్గరికి వచ్చేవి ఆవులు, గేదెలు, మేకలు, కోళ్ళు. ఈనలేక అవస్థపడే గేదె దగ్గర నేను కళ్ళు మూసుకుని పనిచేయగలను. గుర్రాన్ని మాత్రం కాలేజీలో పరీక్ష కోసం చదివాను, పాసయ్యాక మరిచిపోయాను. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

సూర్రావు ముప్ఫై ఏళ్ళు సముద్రం మీద వేటకు వెళ్ళిన మనిషి. భుజం కీలు దెబ్బతిని వల లాగలేకపోతున్నాడు. తీరానికి వచ్చే పిల్లల్ని ఎక్కించి తిప్పడానికి, పెళ్ళి ఊరేగింపులకు పనికొస్తుందని ఒక గుర్రాన్ని కొన్నాడు. నాలుగేళ్ళు నిండని మగ గుర్రం, గోధుమ రంగు. సిన్నోడు అని పేరు పెట్టుకున్నారు. "నెల రోజులు చూసుకోండి, దారికి రాకపోతే నేనే వచ్చి పట్టుకుపోతాను" అని అమ్మిన వ్యాపారి మాట ఇచ్చాడు. గుర్రం వెనక్కి పోతే సూర్రావు గుజరాత్ వెళ్ళి, అక్కడి బోట్ల మీద వంటపని చేసుకోవాలి. అతని ఊరి మగవాళ్ళు సగం మంది అక్కడే ఉన్నారు. ఇతను మాత్రం ఇల్లు వదిలి వెళ్ళనని మొండికేసి గుర్రం కొన్నాడు.

గుర్రం వచ్చిన వారానికే నాకు కబురొచ్చింది. వెనక కాలు కుంటుతోంది, ముట్టుకుంటే తన్నుతోంది. వెళ్ళి చూశాను. నిజంగానే తన్నింది, వెంట్రుకవాసిలో తప్పించుకున్నాను.

"అయితే పడగొడదాం" అన్నాను.

దీన్ని మేము కాస్టింగ్ అంటాం. ఒంటిచుట్టూ తాడు చుట్టి లాగితే పశువు మోకాళ్ళ మీద కూలబడి, పక్కకు ఒరుగుతుంది. మా జిల్లాలో ఎద్దులకు నాడాలు కొట్టేవాళ్ళు రోజూ చేసే పనే. సూర్రావు స్నేహితులు నలుగురు తెప్పకు కట్టే తాళ్ళు పట్టుకొచ్చారు. వేటగాళ్ళకు ముడులు వేయడం ఒకరు నేర్పాలా? కానీ ఎద్దు ఒరిగినట్టు గుర్రం ఒరగలేదు. లేచింది, పడింది, మళ్ళీ లేచింది, అరిచింది. చివరికి నాలుగు కాళ్ళూ కట్టాక కదలకుండా పడుకుంది. గిట్ట అడుగున సముద్రపు గుల్ల ముక్క దిగబడి ఉంది. తీసి, కడిగి, ధనుర్వాతం సూది వేశాను. కుంటు పోతుందని చెప్పి, అందరి చేతా భేషనిపించుకుని వచ్చాను.

కుంటు పోయింది కూడా. వారం తిరిగేసరికి సూర్రావు ఆసుపత్రి గుమ్మంలో నిలబడ్డాడు.

"డాక్టరమ్మా, గుర్రానికి పిచ్చెక్కీసిందమ్మా. నాను దగ్గరికెల్తే నోరు తెరిసి మీదకొస్తంది. వల బుజానేసుకుని ఎవులు ఆ దారంట ఎల్లినా దడి ఇరగ్గొట్టీసేలాగ గెంతుతంది. కుక్క గాని కరిసిందేటి?"

అతని వెంట వెళ్ళి, సరుగుడు కర్రల దడి బయట నిలబడి చాలాసేపు చూశాను. మేత తింటోంది, నీళ్ళు తాగుతోంది. కుక్కకాటు లక్షణం ఒక్కటీ లేదు. సూర్రావు పగ్గం పట్టుకుని లోపలికి అడుగుపెట్టగానే చెవులు వెనక్కి అణిచి, మూలకు పోయి, వెనక కాళ్ళు అతని వైపు తిప్పింది. దాని చూపు అతని మొహం మీద లేదు, చేతిలోని తాడు మీద ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ మందు వేసింది నేనే.

హైదరాబాద్‌లో గుర్రాలకే వైద్యం చేసే నా క్లాస్‌మేట్‌కు అక్కడినుంచే ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.

"ఎద్దుని పడేసినట్టు పడేశావా? పరిగెత్తి బతికే జంతువమ్మా అది. కాళ్ళు కట్టి పడేస్తే చచ్చిపోయాననుకుంటుంది. మందులేం లేవు. తాడంటే భయం పోయేదాకా కూర్చోవాలి. అంతే."

వ్యాపారి గడువు ఇంకా పదిహేను రోజులుంది. కూర్చునేది ఎవరు? ఎలా కూర్చోవాలి? మా పుస్తకాల్లో ఆ పాఠం లేదు. తలెత్తి చూస్తే దడి లోపలే, నీడపట్టున, సూర్రావు భార్య నూకమ్మ చేటలో ఎండు నెత్తళ్ళ చేపలు ఏరుకుంటోంది. సిన్నోడు మూలనుంచి వచ్చి ఆమె వెనక నిలబడి ఉంది. దాని మూతి ఆమె భుజానికి జానెడు దూరంలో ఉంది.

"నిన్నేమీ చెయ్యదా?" అని అడిగాను.

"నన్నేటి సేస్తాదమ్మా? నాను దానికేసి సూడను. నా పని నాను సేసుకుంతాను. అదే వస్తాది. కొత్త కోడలు ఇంటికొచ్చిన్నాడు అందరూ మొకంలోకి సూస్తే దడుసుకోదేటి? ఇదీ అంతే."

మర్నాటినుంచి పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళేముందు నేను అక్కడికి వెళ్ళేదాన్ని. తాడు ఎంత దూరంలో ఉండాలో చెప్పడం వరకే నా పని. మొదటిరోజు బారెడు తాడుముక్కను ఇసుకలో పడేసి, దానికి దూరంగా కూర్చోమని నూకమ్మకు చెప్పాను. గుర్రం ఆ పూట మూల వదల్లేదు. రెండోరోజు, మూడోరోజు కూడా అంతే. నాలుగోరోజు మెడ చాచి తాడును వాసన చూసి తుమ్మింది. నూకమ్మ తలెత్తలేదు. ఆ తర్వాత తాడు ఆమె ఒళ్ళోకి, ఒళ్ళోంచి భుజం మీదకు చేరింది. తొమ్మిదోరోజున నూకమ్మ ఆ తాడుతో గుర్రం మెడను ఒక్కసారి తాకి, అది బెదిరేలోపలే తీసేసింది. బెదిరాక తీస్తే, బెదరడమే లాభమని నేర్చుకుంటుంది. ఈ మాట నా క్లాస్‌మేట్ ఫోన్‌లో చెప్పేనాటికి నూకమ్మ ఆ పని చేసేసి ఉంది.

మధ్యలో సూర్రావుకు ఓపిక నశించింది. పదకొండోరోజు తాడు దాచుకుని వెనకనుంచి వెళ్ళబోయాడు. గుర్రం ఎగిరిపడింది, చేట బోర్లాపడి నెత్తళ్ళన్నీ ఇసుక పాలయ్యాయి.

నూకమ్మ లేచింది. "ఓర్నాయనా! తెప్పని తోసినట్టు తోస్తే గుర్రం ఎల్తాదేటి? నీకు గుజరాత్ ఎల్లాలనుంటే ఎల్లు, నా సిన్నోడి జోలికి రాకు!"

సూర్రావు ఇసుకలో కూర్చుని నెత్తళ్ళు ఏరడం మొదలుపెట్టాడు. చాలాసేపు ఏరాడు. వంచిన తల ఎత్తకపోవడం వల్లో ఏమో, గుర్రం రెండడుగులు అతని వైపు వేసి ఆగింది. నూకమ్మ నాకేసి చూసి కళ్ళతోనే నవ్వింది. ఆ రోజునుంచి చేట దగ్గర ఇద్దరూ కూర్చున్నారు.

గడువు రోజున వ్యాపారి వ్యాను వేసుకుని వచ్చాడు. నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. సూర్రావు తాడు భుజాన వేసుకుని, గుర్రానికి కనబడేలా ముందునుంచి నడిచి వెళ్ళాడు. చెవులు ఒకసారి కదిలాయి. అతను ఆగాడు. గుర్రమే దగ్గరికి వచ్చింది. పగ్గం వేయించుకుంది. వెనక కాలి మీద చేయి జార్చి "ఎత్తు నాయినా" అన్నాడు. సిన్నోడు బరువు మార్చుకుని గిట్టను అతని అరచేతిలో పెట్టింది. సూర్రావు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేను మాత్రం దాచుకోకుండా ఏడ్చాను. వ్యాపారి ఖాళీ వ్యానుతో వెళ్ళిపోయాడు.

అప్పుడు వాళ్ళతో నిజం చెప్పాను. గుర్రానికి పిచ్చెక్కలేదని, ఆ రోజు దాన్ని పడగొట్టించడమే తప్పని, ఆ తప్పు నాదని. తిడతారనే అనుకున్నాను.

"తాడు లాగింది నానే గదమ్మా," అన్నాడు సూర్రావు.

నూకమ్మ అంది: "గుల్లముక్క తీసింది నువ్వే గదా తల్లీ. అది తియ్యకపోతే మా సిన్నోడు కుంటోడయ్యీవోడు. తప్పు సేసినోలు సానామంది ఉంతారు. పదైదు రోజులు ఎవులొస్తారు, సెప్పు?"

అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నా ఉద్యోగంలో నాకెవరూ ఇవ్వలేదు. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా, కొత్తగా కొన్న పశువంటే చాలు, సంచీ తెరవకముందే కాసేపు పక్కన కూర్చుంటాను. వచ్చి ఎన్నాళ్ళయింది, ఎవరి దగ్గర నిలుస్తోంది, దేన్ని చూస్తే బెదురుతోంది అని అడుగుతాను. సగం జబ్బు అక్కడే తెలుస్తుంది.

వ్యాపారి వెళ్ళిపోయిన ఆ సాయంత్రం ఆసుపత్రికి వచ్చి కేసు రిజిస్టర్ తీశాను. మందుల గడిలో గీత గీశాను. చికిత్స చేసినవారు అన్న గడిలో నూకమ్మ పేరు రాసి, దాని కింద నా సంతకం పెట్టాను. తర్వాత తనిఖీకి వచ్చిన మా పై అధికారి ఆ పేజీ దగ్గర ఆగి, "ఈ నూకమ్మ ఎవరు?" అని అడిగారు.

"నా సీనియర్ సార్," అన్నాను.