తాళం వేసిన గదిలో వక్కల చప్పుడు

మా పుస్తకాల గ్రూపులో నాకు మంచి పేరు లేదు. నేను నోరు తెరిస్తే ఎవరో ఒకరి దెయ్యం ఎగిరిపోతుందని వాళ్ళ బాధ. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరైన మనిషిని. ఫలానా మేడలో ఏదో శక్తి తిరుగుతోందని స్థానికులు చెప్పుకుంటారు అని పుస్తకంలో కనబడగానే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ స్థానికుడెవరు, ఎంత దూరంలో నిలబడ్డాడు, అతనికి కళ్ళజోడు ఉందా, ఇవన్నీ అడగకుండా ఉండలేను. పేజీల అంచుల్లో నేను పెన్సిల్‌తో రాసుకునే ప్రశ్నలు చూసి మా ఆయన, "పాపం, ఆ రచయిత నీ క్లాసులో పడ్డాడు" అంటారు.

ఈ గ్రూపు లాక్‌డౌన్ రోజుల్లో పుట్టింది. రాజమండ్రిలో లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైన ఒకాయన మొదలుపెట్టారు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి పది పన్నెండు మందిమి ఫోన్లలో కలుస్తాం. కథలూ నవలలూ మా జోలికి రావు. నిజంగా జరిగాయని చెప్పే పుస్తకాలే చదువుతాం. మాయమైపోయిన ఓడలు, ఎవరూ లేని మేడ మీద అడుగుల చప్పుళ్ళు, పోయిన జన్మ గుర్తున్న పిల్లలు, ఆకాశంలో వింత వెలుగులు. నరసాపురం నుంచి ఒకావిడ లేసు అల్లుకుంటూ వింటుంది. ఆవిడ ఫోను ఎలా పెట్టుకుంటుందో గాని మాకు ముఖం కంటే వేళ్ళే ఎక్కువ కనిపిస్తాయి. నిజంగా భయం వేసే చోటు వస్తే ఆ వేళ్ళు ఆగిపోతాయి. రచయిత గెలిచాడో ఓడాడో నేను వాటిని చూసే తేల్చుకుంటాను. కొవ్వూరులో మా ఇంటి డాబా మీద సిగ్నల్ బాగా వస్తుంది కాబట్టి నీళ్ళ ట్యాంకు నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. వారం మొత్తంలో నాకు అంత సుఖమైన గంటన్నర ఇంకొకటి లేదు.

లైబ్రేరియన్ గారు మాకు ఒక పద్ధతి పెట్టారు. నెలకొకరు 'అనుమానం కుర్చీ'లో కూర్చోవాలి. కూర్చున్నవాళ్ళకి ఆ నెలంతా దేన్నీ నమ్మే హక్కు లేదు. చెప్పేవాళ్ళను మూడు ప్రశ్నలు అడగాలి, అవేమిటో ముందుగా చెప్పకూడదు. ఆ సంగతి గురించి తమకేమైనా తెలిసి ఉంటే దాచకూడదు. ఈ చివరి మాట ఆయన ఎందుకు పెట్టారో మాకెవరికీ తెలియదు. పుస్తకాల్లోని ఓడల గురించి మాలో ఎవరికి మాత్రం ఏం తెలుస్తుంది కనుక. అందుకని దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మా అక్కను ఇందులో చేర్చింది నేనే. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. పోస్టాఫీసులో ఉద్యోగం చేసి రిటైరై తునిలో ఉంటుంది. రోజూ పదకొండింటికి నాకు ఫోన్ చేస్తుంది. కూరేమిటో, మోకాళ్ళెలా ఉన్నాయో అడిగి, ఆ వారం పుస్తకం గురించి దెబ్బలాటకి దిగుతుంది. నేను దేన్నీ నమ్మను, అక్క అన్నీ నమ్ముతుంది. "అన్నేళ్ళు ఉత్తరాలు చూశాను. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఉత్తరం కూడా చేరాల్సిన ఇంటికి చేరిపోతుంది" అంటుంది. ఆ మాటకీ దెయ్యాలకీ సంబంధమేమిటని అడిగితే, "నీకర్థం కాదులే" అని ఫోన్ పెట్టేస్తుంది. మర్నాడు పదకొండింటికి మళ్ళీ మోగుతుంది.

పోయిన వేసవిలో మూసిన ఇళ్ళల్లో వినిపించే చప్పుళ్ళ మీద ఒక పుస్తకం చదివాం. అది అయ్యాక లైబ్రేరియన్ గారు, "వచ్చే వారం పుస్తకం వద్దండీ. ఎవరింట్లోనైనా ఇలాంటిది జరిగుంటే చెప్పండి, విందాం" అన్నారు. అందరికంటే ముందు అక్క చెయ్యెత్తింది.

"మా మామ్మ సంగతి చెప్తానండి. నా జీవితంలో జరిగిన ఒకే ఒక్క వింత అది" అంది.

ఆ నెల అనుమానం కుర్చీ నాది. అక్క ఏం చెప్పబోతోందో నాకు తెలుసు. అందులో దెయ్యం ఎవరో కూడా తెలుసు. అది నేనే.

అప్పుడు మేము కోనసీమలో మా పల్లెలో ఉండేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళు. మామ్మ వేసవి మొదట్లో పోయింది. పోయిన ఘడియ మంచిది కాదని, ధనిష్ఠా పంచకమని పురోహితులు చెప్పారు. అలాంటప్పుడు మనిషి పోయిన గదిని కొన్ని నెలలు మూసి ఉంచాలి, ఎవరూ అడుగు పెట్టకూడదు. మాకు ఆరు నెలలు చెప్పారు. నాన్న ఆ గదికి తాళం వేశారు. పదిహేను రోజులు తిరక్కుండానే మధ్యాహ్నాలు అందరూ భోంచేసి పడుకున్నాక, తాళం వేసిన గదిలోంచి వక్కలు కత్తిరిస్తున్న చప్పుడు వినిపించడం మొదలైంది. అడకత్తెర టక్కుమనడం, కాసేపు ఆగడం, మళ్ళీ టక్కుమనడం. మామ్మ రోజూ ఆ వేళకే వక్కలు కత్తిరించుకునేది.

ఆరు నెలలయ్యాక శాంతి చేయించి తలుపు తీస్తే డబ్బాలో వక్కలు సగానికి సగం తగ్గిపోయి ఉన్నాయి. అమ్మ అక్కడికక్కడే డబ్బాకి దణ్ణం పెట్టింది. ఆ తరువాత మామ్మ తద్దినానికి ఏటా విస్తరి పక్కన గుప్పెడు వక్కలు కూడా పెట్టేవారు.

ఆ వక్కలు తిన్నది నేను. ఆ గదికి దొడ్డివైపు ఒక కిటికీ ఉండేది. దానికి చెక్క ఊచలు. ఒక ఊచకి చెద పట్టి వదులైంది. పైకెత్తి పక్కకి లాగితే నేను పట్టేంత సందు వచ్చేది. వక్కల కోసమే వెళ్తున్నానని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఇంట్లో చప్పుడు గురించి గుసగుసలు మొదలయ్యేసరికి భయపడి మానేద్దామనుకున్నాను, మానలేకపోయాను. ఆ ఏడే నాన్న కాలవ గట్టు మీద సైకిల్ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. మూసిన గదిలోకి నేను వెళ్ళడం వల్లే అలా అయిందని కుమిలిపోయాను. అప్పటినుంచి ఇంక చెప్పే ధైర్యం లేకపోయింది. నేను సైన్సు చదివింది ఆ భయం పోగొట్టుకోవడానికే అనుకుంటాను. భయం పోయింది గాని మాట మాత్రం కడుపులోనే ఉండిపోయింది.

వక్కలు తిన్నానని ఒప్పుకోవడం ఎంత పని, నవ్వేసి ఊరుకుంటారు. నా బాధ అది కాదు. ఆ ఏడాది అక్క చదువు ఆపేసి సంబంధాలు చూడాలని నాన్న అనుకున్నారు. బతికున్నన్నాళ్ళూ అక్కను చదివించమని నాన్నతో దెబ్బలాడింది మామ్మ ఒక్కతే. ఆవిడ పోయాక అక్క తరఫున మాట్లాడేవాళ్ళు లేరు. సరిగ్గా అప్పుడు అక్కకి ఆ చప్పుడు వినిపించింది. మామ్మ ఇంట్లోనే ఉందని, అడగమంటోందని అనుకుంది. వెళ్ళి నాన్న ఎదురుగా నిలబడి కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటానని చెప్పింది. నాన్న ఒప్పుకున్నారు. చదువు, ఉద్యోగం, తన కాళ్ళ మీద తాను నిలబడటం, అన్నీ ఆ చప్పుడు మీదే కట్టుకుంది అక్క. అది తొమ్మిదేళ్ళ పిల్ల దొంగతనమని చెప్తే ఇంక ఆమెకి ఏం మిగులుతుంది? చెప్పకపోతే, తెలిసీ అందరి ముందూ అక్క చేత అబద్ధం చెప్పించినదాన్నవుతాను. ఎటు చూసినా అక్క నాకు దూరమైపోతుందనిపించింది. రోజూ పదకొండింటికి మోగే ఫోను మోగకపోతే నా రోజు ఎలా గడుస్తుందో నేను ఊహించలేను.

మా ఆయనతో చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, తరువాత నా మొహం చూసి నవ్వడం ఆపేశారు. "ముందుగా మీ అక్కకి ఒక్కదానికే చెప్పెయ్" అన్నారు. మర్నాడు ఫోన్లో నీళ్ళు నమిలాను.

"అక్కా, ఆ మామ్మ సంగతి ఉంది చూడు..."

"ఏయ్, ఆపు. ఇప్పుడే అడగకూడదు. ముందే అడిగితే నేను జవాబులు తయారు చేసుకుంటానని కదా ఆయన రూలు పెట్టింది. ఆదివారం అడుగు, ఎన్ని అడుగుతావో చూస్తాను."

"ప్రశ్న కాదే..."

"నీ గొంతు వింటే తెలుస్తోంది, ప్రశ్నే. కాకరకాయ మాడిపోతోంది, ఉంటాను."

ఆ ఆదివారం అక్క జరీ అంచు చీర కట్టుకుని ఫోన్ ముందు కూర్చుంది. నాలుగు పేజీలు రాసుకుని వచ్చింది. బాగా చదివింది. తలుపు తీసినప్పుడు డబ్బా చూసి అమ్మ దణ్ణం పెట్టిన చోట నరసాపురం ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. లైబ్రేరియన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "టీచర్ గారూ, మరి అడగండి" అన్నారు.

"గది తాళం ఎప్పుడైనా తీశారా?" అని అడిగాను.

"తియ్యలేదు. ఆరు నెలలూ వేసే ఉంది."

"లోపలికి ఇంకో దారి ఉందా?"

"కిటికీ ఉంది. దానికి ఊచలున్నాయి. మనిషి పట్టే సందు కాదు. నీకూ తెలుసు కదే."

మూడో ప్రశ్న లేదు నా దగ్గర. "మనిషి పట్టదు. తొమ్మిదేళ్ళ పిల్ల పడుతుంది. ఒక ఊచ వచ్చేసేది, అక్కా. లోపల ఉన్నది నేను" అన్నాను.

ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసింది. అక్క ముఖం ఫోన్లో కదలకుండా ఉంటే సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. సిగ్నల్ ఉంది.

"రోజూనా?" అంది చివరికి.

"రోజూ."

"వక్కల కోసమా?"

ఆ ప్రశ్నకి నాకు నేనెప్పుడూ నిజం చెప్పుకోలేదు. "అక్కడ మామ్మ వాసన వచ్చేది. లోపల కూర్చుని ఏడ్చేదాన్ని. ఏడుపు బయటికి వినిపిస్తుందని భయం వేసి అడకత్తెర ఆడించేదాన్ని" అన్నాను. అరవై దాటిన మనిషిని, పన్నెండు మంది ముందు చీర కొంగుతో ముక్కు తుడుచుకున్నాను.

అక్క కాగితాలు మడిచి పక్కన పెట్టింది. "నేను ఆ గోడకి వీపు ఆనించి కూర్చునేదాన్నండి" అంది, నాతో కాదు, అందరితోనూ. "ఏడుపొచ్చినప్పుడు అక్కడే కూర్చునేదాన్ని. ఆ చప్పుడు వింటే ఏడుపు ఆగేది. గోడకి అవతల దీనికీ అదే పని అని నాకేం తెలుసు."

"మరి నాన్నగారిని అడగడం..." అన్నారు లైబ్రేరియన్ గారు మెల్లిగా. నేను భయపడుతున్న ప్రశ్న అదే.

అక్క ఫోన్ దగ్గరికి జరిగింది. "అడిగింది నేనేనండి. మామ్మ పక్కనుందనుకుని అడిగాను, లేదని ఇప్పుడు తెలిసింది. అడిగిన మాట మాత్రం నాదేగా. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. ఇప్పుడు తలుచుకుంటే నేనంటే నాకే ముచ్చటేస్తోంది" అంది. అని చిన్నగా నవ్వింది. నరసాపురం ఆవిడ, "ఆయ్, ముచ్చటే మరి" అని మళ్ళీ అల్లిక మొదలుపెట్టింది. అక్క మాత్రం నాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా మీటింగ్‌లోంచి వెళ్ళిపోయింది.

సోమవారం పదకొండైంది. ఫోన్ మోగలేదు. పదకొండుంపావైంది. వంటింట్లోకీ హాల్లోకీ తిరిగాను. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని నన్ను చూడనట్టు నటించారు. పదకొండున్నరకి మోగింది.

"ఏంటే, ఎత్తడానికి అంత తొందర?" అంది అక్క.

"కోపంగా ఉందా?"

"ఉంది. రాత్రంతా నిద్ర పట్టలేదు. వక్కల గురించి కాదు. ఆ వేసవంతా నువ్వు ఒక్కదానివే ఆ గదిలో కూర్చుని ఏడ్చావు, ఇవతల నేనున్నాను, పిలవలేదు. పిలిస్తే రానా?"

"నువ్వు ఆ కిటికీలో పట్టవు కదా."

అక్క గొంతు తగ్గించి చెప్పింది. "నాన్న చొక్కా చిలక్కొయ్యకి తగిలించి ఉండేది కదా, తాళంచెవి ఆ జేబులోనే ఉండేది. నాకు తెలుసే. రోజూ వెళ్ళి చొక్కా ముట్టుకుని, భయమేసి వచ్చేసేదాన్ని. లోపల ఉన్నది నువ్వని తెలిస్తే తీసేదాన్ని."