శివరాత్రి దాటాక నీళ్లు

ఆ చోటు ఎంచింది మా బావ. ఈ మాట ముందు రాసుకోకపోతే తక్కినదేదీ నాకు రాయబుద్ధి కాదు.

నాలుగేళ్ల కిందట, శివరాత్రి అయిన రెండో రోజు, ఒంగోలు దాటి సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరికి వెళ్లాం. అక్క, బావ, నేను, మా ఆయన. ఇసుకలో టెంటు వేసుకుని రెండు రోజులు ఉండాలని అక్క కోరిక. ఆళ్లగడ్డలో ఆమెకు తెల్లారితే బర్రెలు, పొద్దుగూకితే బర్రెలు. అహోబిలం తిరునాళ్లు తప్ప ఊరు దాటి ఎరగదు. ఎవరో ఫోనులో చూపించారట, నీలం నీళ్ల పక్కన నారింజ రంగు టెంటు. ఆ బొమ్మను ఒక ఏడాది తలచుకుంది. బావ విసుక్కుని విసుక్కుని ఆఖరికి ఒక టెంటు కొన్నాడు. ఆళ్లగడ్డ నుంచి కారులో బయలుదేరి నంద్యాలలో మమ్మల్ని ఎక్కించుకున్నారు. గిద్దలూరు అడవి దారి పొడవునా అక్క కిటికీలోంచి తల తీయలేదు. సముద్రం ఇంకా వంద కిలోమీటర్లు ఉండగానే వాసన వస్తోందంది.

మధ్యాహ్నం రెండింటికి చేరాం. ఇసుక ఎంత దూరం పరుచుకుని ఉందంటే నీళ్ల దాకా నడవడానికే కాళ్లు పీకాయి. తడి ఇసుక ఆరుతున్న చోట బావ టెంటు సంచి దించాడు.

"ఈడ వేద్దాం."

"నీళ్లకు మరీ దగ్గర బావా. ఆ సరుగుడు చెట్ల దగ్గర దిబ్బ ఉంది కదా, ఆడ వేద్దాం," అన్నాను.

"శివరాత్రి దాటినాక నీళ్లు వెనక్కి పోతాయా, ముందుకొస్తాయా? అవుకులో పుట్టినోనికి నంద్యాలోళ్లు నీళ్ల సంగతి చెప్తాండారే."

బావ పుట్టింది అవుకులో, రిజర్వాయరు పక్కన. అక్కడ మాఘం దాటితే నీళ్లు రోజురోజుకూ వెనక్కే జరుగుతాయి. అవి వదిలిన తడి నేలలోనే వాళ్ల నాయన దోస, కర్బూజ గింజలు వేసేవాడట. నీటి అంచున ఏది పెట్టినా వానలు పడేదాకా భయం లేదు. బావ చిన్నప్పటి నుంచి చూసిన నీళ్లు అవి. సముద్రాన్ని అంతకుముందు ఆయన చూడలేదు. నేనూ చూడలేదు. కానీ నాకు అనుమానం వచ్చింది, ఆ మాట అన్నాను కూడా.

"ఆ దిబ్బ మీద వేస్తే మీ అక్కను నీళ్ల దాకా నువ్వు ఎత్తుకపోతావా?" అన్నాడు. మా ఆయన నవ్వాడు. అక్క నవ్వింది. మా ఆయనా నేనూ ఒకసారి ఆ దిబ్బ దాకా పోయి చూసి వచ్చేసరికి బావ మేకులు కొడుతున్నాడు. తాడు కొస పట్టుకున్నది నేను, అది దాచను. తాడు పట్టుకున్నంత మాత్రాన చోటు ఎంచినట్టు కాదు.

సాయంత్రం స్నానాలకు ఊళ్లోని బోరింగు దగ్గరికి వెళ్లాం. తిరిగి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. సముద్రం టెంటు లోపల ఉంది. జొన్న రొట్టెల మూట ఉబ్బి తేలుతోంది. అక్క చెప్పు ఒకటి పోయింది. నా సంచి మొత్తం తడిసింది. నంద్యాలలో నేను ఒక కాలేజీ లైబ్రరీ చూసుకుంటాను. చదువుకుందామని తెచ్చుకున్న పుస్తకం ఉప్పునీళ్లు తాగి రెండింతలైంది. దాన్ని ఆరబెట్టి తిరిగి షెల్ఫులోనే పెట్టాను. పక్క పుస్తకాలను తోసుకుంటూ అది ఇప్పటికీ అక్కడే ఉంది, పొద్దున తలుపు తీయగానే కనిపిస్తుంది.

ఆ రాత్రి కారులోనే కూర్చుని, తెల్లారగానే వెనక్కి బయలుదేరాం. గిద్దలూరులో టీ తాగడానికి ఆగాం. అక్కడ బావకు తెలిసినాయన ఒకడు కలిసి, రెండు రోజులన్నారు, ఒక రోజుకే వచ్చేశారేమని అడిగాడు.

బావ గ్లాసు కింద పెట్టాడు. "మా మరదలు ఉంది కదప్పా, సముద్రాన్ని అవుకు రిజర్వాయరు అనుకునింది. నీళ్ల అంచున టెంటు వేయిచ్చింది."

నేను పక్కనే ఉన్నాను. నోట్లో టీ ఉంది. మింగేలోపు అందరూ నవ్వేశారు.

అప్పటి నుంచి ఆ కథకు కాళ్లొచ్చాయి. మా చిన్నాన్న కూతురి పెళ్లిలో చెప్పాడు. బనగానపల్లెలో ఎవరిదో గృహప్రవేశంలో చెప్పాడు. మా ఆయన తరఫు వాళ్ల ముందు కూడా చెప్పాడు. ప్రతిసారీ ఒక కొత్త ముక్క చేరుతుంది. ఒకసారి నేను దోస గింజలు కూడా తెచ్చి ఇసుకలో నాటబోయానన్నాడు. మరదలిని బావ ఆటపట్టిస్తే అది వేళాకోళమే. మా వైపు దానికి అడ్డు చెప్పే మనుషులు లేరు. చెప్పిన మరదలిదే తప్పవుతుంది. ఆ గృహప్రవేశంలో ఉండబట్టలేక, "చోటు ఎంచింది నువ్వు బావా, నేను దిబ్బ మీద వేద్దామన్నాను," అన్నాను. ఒక పెద్దామె నా గడ్డం పట్టుకుని, "బావ మాటకు ఎవరైనా అలుగుతారా మ్మే," అంది. ముందుకంటే ఎక్కువ నవ్వారు. ఇంటికొచ్చాక మా ఆయన, "పోనీలే," అన్నాడు. ఆ పోనీలే కూడా నాకు గుర్తుంది.

నేను కోరింది పెద్దదేమీ కాదు. బావ తన నోటితో, నలుగురి ముందు, చోటు ఎంచింది తానేనని ఒక్కసారి చెప్పాలి.

ఈ ఏడాది మళ్లీ శివరాత్రి అయ్యాక అదే బీచికి వెళ్దామని అక్క ఫోన్ చేసింది. ఈసారి బావ తమ్ముడు, అతని భార్య కూడా వస్తున్నారు. రానని చెప్పాలనుకున్నాను. రానంటే అలిగిందంటారు. వెళ్లాను.

ఈసారి టెంట్లు దిబ్బ మీదే వేశారు. ఎవరూ చర్చించలేదు, బావ సంచులు నేరుగా అక్కడికే మోశాడు. నన్ను అడుగుతాడేమో, కనీసం నా వైపు చూస్తాడేమో అనుకున్నాను. చూడలేదు.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. సరుగుడు పుల్లలు ఏరుకుని నీళ్ల అంచున ఒకటి గుచ్చాను. కాసేపయ్యాక వచ్చి చూస్తే దాని మొదలు తడిసింది. ఇంకొంచెం పైన మరొకటి గుచ్చాను. మిగతావాళ్లు నీళ్లలో ఆడుతున్నారు. నేను పుల్లలకూ టెంట్లకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను. "ఏం సర్వే చేస్తాండావ్ మరదలా? ఎకరం ఎంతకు ఇస్తాదంట సముద్రం?" అని బావ నీళ్లలోంచి కేక వేశాడు.

నాలుగో పుల్ల దగ్గర పడవ నీడలో ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను, పుల్లల్ని కాసేపు చూశాడు.

"అప్పుడు టెంటు ముంచుకుంది మీరే గదమ్మా?"

మేమే అన్నాను.

"నేను అప్పుడే చెప్పా, అదిగో ఆ నీళ్లల్లో ఉన్నాయనకి. నువ్వు అటు దిబ్బ మీద ఉన్నావు. అమావాస్య పోటు గట్టిగా ఉంటదయ్యా, సందేళకి ఈడికి నీళ్లొస్తాయి, పైకి బోండి అన్నా. మాకు తెల్సులే పెద్దాయనా, మేము నీళ్ల పక్కన పుట్టినోళ్లం అన్నాడు. సరేలే, ఆయన సముద్రం ఏదో ఆయనకుంది అనుకున్నా."

బావ ఎంచడమే కాదు, ఒకరు వద్దన్నాక కూడా అక్కడే వేశాడు. నాలుగేళ్లు వెతికిన సాక్షి పడవ నీడలో వల కుట్టుకుంటున్నాడు. "భోజనాల వేళకు మా దగ్గరికి వస్తారా? ఈ మాటే అందరి ముందు చెప్పాలి," అన్నాను.

ఆయన దారం పళ్లతో కొరికి తెంపాడు. "నాకెందుకమ్మా, మీరూ మీరూ ఒకటి," అన్నాడు.

సరే, ఆయన రాకపోయినా ఆ మాట చాలు. ఇసుకలో కాళ్లు కూరుకుపోతుంటే దిబ్బ ఎక్కాను. అక్క ఒక్కతే స్టవ్ ముందు కూర్చుని వంకాయలు కోస్తోంది. తడి జుట్టు ముడి వేసుకుంది, ముంజేతుల మీద ఇసుక. ముసలాయన చెప్పింది మొత్తం ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను.

అక్క కత్తి ఆపలేదు. "నాకు తెల్సు."

"ఏం తెల్సు?"

"ఆయప్ప వచ్చి చెప్పినప్పుడు నేను పక్కనే ఉంటి కదా. నీ బావ ఇనలే."

నాలుగేళ్లు ప్రతి పెళ్లిలో, ప్రతి పంక్తిలో బావ పక్కన కూర్చుని ఆ కథకు నవ్వింది నా అక్క.

"తెల్సి నవ్వుతాంటివా?"

"నవ్వక ఏం చేస్తు. నీ బావ మీద ఒకడు నవ్వితే ఆ పని మళ్లా చేస్తాడా? అత్తగారి ఊళ్లో ఒకసారి చీట్లాటలో ఓడిపోయి నవ్వినారని, ఇంతవరకూ పేక ముట్టలే. ఆ పొద్దు నవ్వు ఆయన మీదికి వచ్చింటే సముద్రం పేరు ఎత్తనిచ్చేటోడా?" కోసిన ముక్కలు నీళ్లలో వేసింది. "నీ మీద నవ్వినా నువ్వు ఏం ఆగుతావ్. నువ్వు పోట్లాడతావ్, మళ్లా వస్తావ్. నాకు ఇదొక్కటే మే. నాలుగేండ్లు అడిగితే ఇప్పటికి తీసకొచ్చినాడు."

"నన్ను అడిగింటే?"

"అడిగితే ఒప్పుకునేదానివా?"

ఒప్పుకునేదాన్ని కాదు. లేచి నా పుల్లల దగ్గరికి పోయాను. రెండోది పడిపోయి తేలుతోంది.

దీపం పెట్టే వేళకు అందరం దిబ్బ మీద గుండ్రంగా కూర్చున్నాం. జొన్న రొట్టెలు, వంకాయ కూర, చెనిక్కాయల పొడి. కింద నీళ్లు నేను గుచ్చిన మూడో పుల్ల దాకా వచ్చేశాయి. పోయినసారి టెంటు ఉన్న చోటు మీద నురగ ఆడుతోంది. బావ తమ్ముడి భార్య అటు చూసి, "యాడ మునిగింది బావా మీ టెంటు?" అని అడిగింది. టెంటు మునిగిందని తప్ప ఆమెకు ఆ కథ తెలియదు.

బావ రొట్టె తుంచుతూ మొదలుపెట్టాడు. "మా మరదలు ఉంది కదా..."

ముసలాయన మాట నా నాలుక చివర ఉంది. పడవ అక్కడే ఉంది, కావాలంటే వేలితో చూపించవచ్చు. ఆరుగురున్నారు. నేను కోరిన నలుగురి కంటే ఎక్కువే. అక్క నా వైపు చూసింది. బతిమాలే చూపు కాదు. రొట్టె చేతిలో పట్టుకుని, తినకుండా, చూస్తోంది.

బావ మొత్తం చెప్పాడు, దోస గింజలతో సహా. తమ్ముడు నవ్వాడు, అతని భార్య నవ్వింది, మా ఆయన కూడా నవ్వాడు. నేను ఊరుకున్నాను. అక్క ఈసారి నవ్వలేదు. అడగకుండానే నా పళ్లెంలో ఇంకో రొట్టె వేసి, దాని మీద వంకాయ పెద్ద ముక్క పెట్టింది. "వచ్చే ఏడు కూడా ఈడికే వద్దామా?" అని బావను అడిగింది. "చూద్దాంలే," అన్నాడు బావ. ఆయన నోట చూద్దాంలే అంటే సగం ఒప్పుకున్నట్టే.

ఆ ఒక్క పూటకు ఊరుకున్నాను. ఎవరి కోసం ఊరుకున్నానో అక్కకు తెలుసు. అది నేను మరచిపోను, ఆమెనూ మరచిపోనివ్వను. రొట్టె సగం తిని, చేయి కడుక్కుని, నాలుగో పుల్ల చూసి రావడానికి దిబ్బ దిగాను.