తప్పిపోయిన ఏనుగుపిల్ల, తల్లి ఇంగ్లీషు

బీఈడీ ట్రైనింగ్ కోసం పెడన దగ్గర ఒక బడికి వెళ్తున్న నేను, ఇవాళ అక్కడ విద్యా విప్లవం తలపెట్టాను. మూడో తరగతికి ల్యాప్‌టాప్‌లో ఏనుగుల కార్టూన్ సినిమా వేసి, సౌండ్ తీసేసి, ఆ ఏనుగుల మాటలు మీరే ఇంగ్లీషులో చెప్పండి అన్నాను. నా ఆశంతా షబానా మీదే. బడిలో చేరినప్పటినుంచి ఆ పిల్ల ఇంగ్లీషు పీరియడ్‌లో నోరు విప్పలేదట.

అడవిలో తప్పిపోయిన ఏనుగుపిల్ల చివరికి తల్లి దగ్గరికి చేరింది. తల్లి తొండం చాచింది. నా కళ్లు కూడా కాస్త చెమర్చాయి. అప్పుడు షబానా లేచి నిలబడి, తల్లి ఏనుగు తరఫున గట్టిగా చెప్పింది.

"వై లేట్? స్టాండ్ అవుట్‌సైడ్."

క్లాసంతా చప్పట్లు. వెనక బెంచీలో కూర్చున్న క్లాసు టీచరుగారు మాత్రం లేచి నా దగ్గరికి వచ్చారు.

"అది నా మాటేనండీ," అన్నారు మెల్లగా. "రేపు మళ్లీ ఇదే సినిమా వెయ్యండి. ఈలోగా ఆ పిల్లకి 'కమిన్' నేర్పుతాను."

అప్పటినుంచీ ఒకటే ఆలోచిస్తున్నాను. మీకు బడిలో మొట్టమొదట వంటబట్టిన ఇంగ్లీషు వాక్యం ఏమిటి? నాది 'గెటవుట్'. ఉచ్చారణ ఇప్పటికీ అద్భుతంగా ఉంటుంది.