దెబ్బకీ పడటానికీ మధ్య

మొన్న ఆటోనగర్ వెళ్ళే సిటీ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ సంచిలోంచి చిన్న సీసా తీసి మోకాళ్ళకు బామ్ రాసుకుంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే గవర్నర్‌పేట సందులో మేడమీది మా రెండు గదుల వాటా, చాపమీద బోర్లా పడుకున్న నాన్న వీపు, ఆ వీపెక్కి గోడ పట్టుకుని తొక్కుతున్న ఎనిమిదేళ్ళ నేను, అన్నీ కళ్ళముందుకు వచ్చేశాయి. మిగతా పిల్లల ఇళ్ళల్లో సాయంత్రమైతే తాలింపు వాసనో అగరొత్తుల వాసనో వచ్చేది. మా ఇంట్లో మాత్రం పండగైనా పబ్బమైనా నొప్పుల మందు వాసనే.

నాన్న బాక్సర్. ఉయ్యూరు దగ్గర చెరుకు తోటల మధ్య పుట్టి, చదువుకోమని బెజవాడ పంపితే చదువు అటకెక్కించి, ఆటోనగర్‌లో ఒక లారీ షెడ్డు వెనక వేలాడదీసిన ఇసుక బస్తాను గుద్ది గుద్ది రాష్ట్రానికే ఛాంపియన్ అయ్యారు. ఆ బస్తాను అవతలివైపు పట్టుకుని నిలబడింది మస్తాన్ బాబాయి. చుట్టం కాదు, టైర్లకు పంక్చర్లు వేసే మనిషి, కానీ రంజాన్ పండక్కి వాళ్ళింటి నుంచి సేమ్యా పాయసం గిన్నె వచ్చేదాకా అమ్మ మా పొయ్యి వెలిగించేది కాదు. రింగులో నాన్న వీపు ఒక్కసారి కూడా నేలకు తగల్లేదని బాబాయి వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. గెలుచుకున్న కప్పులు బీరువా మీద వరసగా ఉండేవి, అందులో పెద్దదాంట్లో నా అష్టాచెమ్మా గవ్వలు, చింతపిక్కలు ఉండేవి.

కప్పులతో కడుపు నిండదు గనక, ఎవరో పిలిస్తే నాన్న సినిమాల్లోకి వెళ్ళారు. విలన్ పక్కన నిలబడి, హీరో కొడితే పడిపోయే మనిషి కావాలట. మొదటిరోజే గొడవైంది. హీరో చెయ్యి విసిరితే చాలు, నాన్న తల తనంతట తానే పక్కకు తప్పుకునేది, ఆ పెద్దమనిషి గాలిని గుద్ది తూలేవాడు. తిట్లు తిని ఇంటికొచ్చి, వేసవి సెలవుల మధ్యాహ్నాలు, పరుపులు నేలమీద పరిచి నాన్న పడటం నేర్చుకున్నారు. నేనే హీరోని. స్టూలెక్కి నా గుప్పెడంత చెయ్యి గాల్లో విసిరితే అంత మనిషీ గిర్రున తిరిగి దబ్బున పడేవారు, కింద వాటా మామ్మగారు కర్రతో పైకప్పు పొడిచేవారు, నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. లోకంలో అంతకు మించిన ఆట ఉంటుందని నాకు తెలియదు. అమ్మ మాత్రం ఆ ఆట అయ్యేదాకా వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు.

మరుసటి ఏడు ఎండాకాలానికి కాస్త పెద్ద వేషం దొరికింది. ఎడమవైపు తల నున్నగా గుండు, కుడివైపు భుజం దాకా జుట్టు, కింద గుబురు గడ్డం. హీరో పిడికిలి నాన్న దవడ దాకా వచ్చే ముక్క తీశారు. నాన్న పడే ముక్క మిగిలింది. ఈలోగా ఏదో తకరారు వచ్చి షూటింగ్ ఆగిపోయింది. తీసిన ముక్కలో మనిషి ఎలా ఉన్నాడో తీయబోయే ముక్కలోనూ అచ్చం అలాగే ఉండాలి, దాన్ని కంటిన్యుటీ అంటారు. పిలిచేదాకా వేషం చెడకూడదని మేనేజరు మరీమరీ చెప్పి పంపించాడు.

అలా దెబ్బకీ పడటానికీ మధ్య మా ఇల్లు ఆగిపోయింది. వారం వారం మంగలి సాంబయ్య మేడెక్కి వచ్చి సగం తలే గీసి, నవ్వు ఆపుకుంటూ మెట్లు దిగేవాడు. ఆవకాయ రోజుల్లో వీధి వీధంతా మామిడికాయలు కొట్టిస్తుంటే నాన్న కిటికీ ఊచల వెనక నిలబడి చూసేవారు. ముంజలమ్మే మనిషి కేకేసినా కిందికి దిగేవారు కాదు, తలకు తువ్వాలు చుట్టుకుని దిగినా పిల్లలు వెంటపడేవాళ్ళు. మేనత్త కూతురి పెళ్ళికి నేనూ అమ్మే వెళ్ళి, ఆయనకు జ్వరమని అందరికీ చెప్పాం. ఆ ఎండల్లో, ఫ్యాను కింద, మంచానికీ బీరువాకీ మధ్య ఉన్న కాస్త జాగాలో నాన్న ఎవరూ లేని రింగులో ఉన్నట్టు గాల్లోకి గుద్దుతూ తిరిగేవారు. నాకు ఊపిరి ఆడేది కాదు, బడి ఎప్పుడు తెరుస్తారా అని ఎదురుచూశాను.

వినాయక చవితి వెళ్ళాక ఒక రోజు మస్తాన్ బాబాయి రొప్పుతూ వచ్చాడు. ఊరి చివర ఒక కాలేజీలో బాక్సింగ్ నేర్పే మాస్టారు కావాలట, బాబాయి నాన్న గురించి చెప్పి ఒప్పించాడట, సోమవారం శుభ్రంగా తయారై వచ్చి కనబడమన్నారట. నాన్న మొహం అంతలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. ఆ ఉద్యోగం వస్తే ఇంకెవరి చేతిలోనూ పడక్కర్లేదని నాక్కూడా అర్థమైంది. ఆయన చెయ్యి గడ్డం మీదకు వెళ్ళి, అక్కడే ఆగింది.

"గీయించెయ్‌రా. వాళ్ళే ఏదో విగ్గు పెట్టుకుంటార్లే," అన్నాడు బాబాయి.

"రౌండు అవలేదు మస్తానూ. మజ్జలో రింగు దిగిపొమ్మంటావా? నువ్వేగా నేర్పావు, గంట కొట్టేదాకా దిగకూడదని."

అమ్మ గుమ్మంలో నిలబడి, ఎప్పుడూ లేనిది, మెల్లగా అంది. "అక్కడ గంట కొట్టేవాడు లేడండీ."

నాన్న విన్నారో లేదో తెలియదు. సోమవారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుండీలు పెట్టుకుని, మంచం మీద కూర్చుని, మధ్యాహ్నానికి విప్పేశారు. ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చారు. షూటింగ్‌కు పిలుపు దసరా వెళ్ళాక వచ్చింది.

సినిమా విడుదలైన రోజు ముగ్గురం మొదటాటకే వెళ్ళాం. హీరో చెయ్యెత్తాడు, పిడికిలి వచ్చింది, హాలంతా ఈలలు. ఆ తర్వాత తెరనిండా హీరో మొహమే. పక్కన ఎక్కడో దబ్బుమని చప్పుడు వినబడింది, దుమ్ము లేచింది. ఆ పడే ముక్కలో నాన్న కనబడనే లేదు. గుండు లేదు, జుట్టు లేదు, గడ్డం లేదు. అమ్మ నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుంది. నాన్న తెరనే చూస్తూ, చప్పుడు మాత్రం బాగా కుదిరింది అన్నారు.

ఆ తర్వాత ఇంకెన్నో సినిమాల్లో పడ్డారు. అడపాదడపా ఒకటీ అరా డైలాగు, వయసు మీరాక హీరోయిన్ బాబాయి వేషాలు, జైలరు వేషాలు. ఆ సినిమా హాలు ఇప్పుడు బట్టల షోరూము. మేముండే మేడ పడగొట్టి లాడ్జి కట్టారు. అమ్మ పోయింది. మస్తాన్ బాబాయి పోయాడు, నాన్నను ఛాంపియన్ అని పిలిచే గొంతు ఆయనతోనే పోయింది.

ఇప్పుడు గవర్నర్‌పేటలో నాన్నను పట్టుకుని నడిపిస్తుంటే కుర్రాళ్ళు గుర్తుపట్టి ఆపుతారు. పేరు తెలియదు, మొహం తెలుసు. ఒక్క ఫోటో అంకుల్ అని, ఫోను నా చేతికిచ్చి, పిడికిలి ఆయన దవడకు ఆనించి నిలబడతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. వద్దని ఎన్నోసార్లు చెప్పాను, ఆయన వినరు. డెబ్బై దాటిన మనిషి, నడిరోడ్డు మీద, కళ్ళు తేలేసి, మెడ వెనక్కి వాల్చి, అవతలివాడికి తృప్తి కలిగేదాకా అలాగే ఉంటారు. నేను ఫోటో తీస్తాను. వాళ్ళు థాంక్స్ చెప్పి వెళ్ళిపోతారు.

"బాగా వచ్చిందా అమ్మలూ?" అంటారు నాన్న, మెడ ఇంకా వాల్చే ఉంచి.

"వచ్చింది. వాళ్ళు వెళ్ళిపోయారు. ఇంక తలెత్తండి నాన్నా," అంటాను.