దిళ్ళమ్మే గుడ్లగూబ

గుడ్లగూబక్క కళ్ళు తెరుచుకునే పుట్టిందని మా వీధిలో చెప్పుకుంటారు. మంత్రసాని రెండు రెప్పలూ వేళ్ళతో మూసి, "కాసేపు పడుకోవే తల్లీ, మీ అమ్మ అలిసిపోయింది" అని బతిమాలితే, పిల్ల ఆవిడ వంక గుడ్లురిమి చూసిందట. నిజమో కాదో తేల్చేవాళ్ళు లేరు. మంత్రసాని పోయింది. తల్లీ పోయింది. గుడ్లగూబక్కనే అడిగితే, "అప్పుడు నేను చిన్నదాన్ని, నాకేం జ్ఞాపకం?" అంటుంది. అదీ సబబే.

నాది పక్క కొట్టు. సూదులు, దారాలు, గుండీలు అమ్ముకుంటాను. రెండు కొట్లకీ మధ్య గోడ ఎంత పల్చనంటే, అవతల ఈగ తుమ్మితే ఇవతల నేను నూరేళ్ళు అంటాను. ఆ గోడ సాక్షిగా చెబుతున్నాను, ఆవిడ ఒకచోట నిలవగా నేను వినలేదు. బీరువా ఈ గోడ నుంచి ఆ గోడకి జరుపుతుంది, తెల్లారేసరికి మళ్ళీ ఈ గోడకి తెస్తుంది. గలేబులు మడతపెడుతుంది, విప్పుతుంది, మడతపెడుతుంది. అన్నం నిలబడి తింటుంది, అదీ చెప్పులేసుకుని. కూర్చుంటే కుర్చీ కరుస్తుందన్నట్టు.

అలాంటి మనిషి అమ్మేది దిళ్ళు. ఆ దిండు మీద తల పెట్టినవాడు మరి లేవడు. అంటే లేస్తాడనుకోండి, తాపీగా లేస్తాడు. ఒక వకీలు ఆ దిండు మీద చిన్న కునుకు తీసి లేచేసరికి, ఆయన వాదిస్తున్న కేసులో వాదీ ప్రతివాదీ వియ్యంకులైపోయారు.

కిటుకు ఆవిడ మేనత్తది. దూది ఏకి, సంచిలో కూరి, మూతి ఒక్కటీ కుట్టకుండా వదిలేస్తారు. ఆ మూతికి నోరానించి ఒక పెద్ద ఆవలింత ఆవలించి, అది బయటికి జారేలోపు దబ్బనంతో చకచకా కుట్టేస్తారు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్ళు మా వీధిలో బోలెడుమంది ఉన్నారు గానీ, ఆవలింతని పట్టి అమ్మడం అప్పట్లో ఆ ఇంటివాళ్ళకే చేతనయ్యేది. చిక్కేమిటంటే, మనకి రావలసిన నిద్రంతా ఆ దిండులోకి పోతుంది. అందుకే ఎవరి దిండు వాళ్ళకి పనిచెయ్యదు. మేనత్త కూడా జన్మంతా మేలుకునే బతికింది. పోయిన రోజున ఆవిడ మొహం చూసి ఊరంతా కుళ్ళుకుంది, అంత హాయిగా ఉందట.

కొట్టు మీద బతికేది ఇద్దరు. గుడ్లగూబక్క, వాళ్ళ వదిన. అన్న పోయాక వదిన గలేబులు కుట్టడం నేర్చుకుంది. మిషను తొక్కుతూ ఆడపడుచుని తిట్టడం మాత్రం ఎవరూ నేర్పలేదు, దానంతటదే వచ్చింది. "దిళ్ళకొట్టు ఇంట్లో కోడలుగా వచ్చాను, ఒక్క రాత్రి నిద్రపోయి ఎరగను. ఇది నడుస్తూనే ఉంటుంది, గిన్నెలు సర్దుతూనే ఉంటుంది!" అంటుంది.

ఇలా ఉండగా ఎదురు కొట్లోకి కొత్తావిడ దిగింది. వచ్చి ఎన్నేళ్ళయినా ఇప్పటికీ కొత్తావిడే. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటుంది, పాపిట్లో ఎప్పుడూ ఇంత దూది ఇరుక్కుని ఉంటుంది. ఆవిడా దిళ్ళే పెట్టింది. అదే విద్య, అవే ఆవలింతలు. తేడా ఒక్కటే. గుడ్లగూబక్క దిండు మొద్దునిద్ర ఇస్తుంది, కొత్తావిడ దిండు కలలిస్తుంది. అదీ అల్లాటప్పా కలలు కాదు. మా పాలవాడు ఆ దిండు మీద పడుకుని మూడు పెళ్ళిళ్ళు చేసుకుని, ముగ్గురు అత్తగార్లతోనూ పడలేక చెమటలు కక్కుకుంటూ లేచాడు.

ఇంక చూసుకోండి. వీధికి ఆ పక్క ఒకావిడ, ఈ పక్క ఒకావిడ.

"ఏవండోయ్, మీ దిండు మీద పడుకున్నాయన్ని ఇందాకే చూశాను. బతికే ఉన్నాడా, లేకపోతే కబురు పెట్టమంటారా?" అని అక్కణ్ణించి కొత్తావిడ.

"మీ దిండు మీద పడుకున్నాయన్ని నేనూ చూశానండీ. పొద్దున్నే లేచి పడుకోడానికి చోటు వెతుక్కుంటున్నాడు, పాపం" అని ఇక్కణ్ణించి గుడ్లగూబక్క.

మీరు, అండీ, గారు... మర్యాదకి లోటు లేదు. ఆ మర్యాదతోనే ఒకరినొకరు కోసుకునేవాళ్ళు. బేరం లేనప్పుడు మా అక్క గడపలో నిలబడి ఎదురు కొట్టు కేసి చూస్తుండేది. "ఎవరెవరు వస్తున్నారో కనిపెట్టాలి కదే" అనేది నాతో. ఎవరూ రానప్పుడు కూడా కనిపెట్టేది. కొత్తావిడ ఊరెళ్ళి కొట్టు మూసిన రోజున మూసిన తలుపుని కనిపెట్టింది. ఆ రోజు బీరువా ఎన్నిసార్లు జరిగిందో నా గోడనడగండి.

ఒకనాడు నా దగ్గరికొచ్చి గుసగుసగా, "ఒసేయ్, నీకని చెప్పి ఆవిడ దగ్గరో దిండు కొనుక్కురా" అంది.

"నీకెందుకక్కా?"

"కుట్టు విప్పి చూస్తాను. దూదిలో ఏదో కలుపుతోంది. వట్టి ఆవలింతకి కలలెలా వస్తాయే?"

కొనుక్కొచ్చాను. నాకలాంటి పనులంటే ప్రాణం. అప్పటికి మిట్టమధ్యాహ్నం. అక్క నన్ను బయటికి పంపి, తలుపు గడియ వేసుకుని దిండుని బల్ల మీద పెట్టింది. కత్తెర తీసింది. తీసి, మెత్తదనం ఎంతుందో చూద్దామని చెంప ఆనించిందట.

అంతే. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గోడకవతల చప్పుడాగిపోయింది.

వదిన క్యారేజీ తీసుకుని వచ్చి తలుపు బాదింది. "ఏమేవ్! అన్నం! ఏమే, పలకవేం?" పలుకు లేదు. తలుపు గడియ పడి ఉంది. వదిన గొంతు లేచింది. వీధి వీధంతా పోగయింది. ఒకాయన డాక్టరు కోసం పరిగెత్తాడు, ఒకాయన మోసేవాళ్ళ కోసం పరిగెత్తాడు. నేను కిటికీ సందులోంచి చూసి, "చావలేదు! నిద్రపోతోంది!" అని అరిచాను. ఎవరూ నమ్మలేదు. చచ్చిపోయిందంటే నమ్మారు గానీ, నిద్రపోతోందంటే నమ్మలేదు.

అప్పుడు లోపల్నించి మాట వినపడింది. నిద్రలో మాట. ఎంత మెత్తగా ఉందంటే, అది మా అక్క గొంతేనా అని వదినకే అనుమానం వచ్చింది.

"దగ్గరగా కూర్చో. గాలొస్తోంది, దూది ఎగిరిపోతుంది. ఉండు, నీ పాపిట్లో ఇంత దూది... నన్ను తియ్యనీ. ఎన్నాళ్ళ నుంచో తీద్దామని..."

జనమంతా ఒకేసారి వెనక్కి తిరిగారు. వెనకాల కొత్తావిడ నిలబడి ఉంది, పాపిట్లో దూదితో సహా. మొహం కుంకుడుకాయ రసం కళ్ళలో పడ్డట్టుంది. వీధిలో ఇన్నేళ్ళుగా మీరు తప్ప నువ్వు వినని మనిషి.

ఆవిడ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. చెయ్యి కిటికీలోంచి దూర్చి గడియ తీసింది. లోపలికెళ్ళి, ఆ తల కింద ఎవరి దిండుందో చూసింది. జనమూ చూశారు. నేను మాత్రం ఆకాశం కేసి చూశాను.

"లేపండి, లేపండి!" అన్నారు జనం.

"లేపితే ఊరుకోను. పొండి అందరూ. అమ్మా, మీరూ వెళ్ళండి. నేను కూర్చుంటాను" అంది కొత్తావిడ.

వదిన క్యారేజీ అక్కడ పెట్టి వెళ్ళింది. "లేచాక కూర్చోబెట్టి తినిపించు" అని మాత్రం అంది. కొత్తావిడ కూర్చుంది. ఆ పూటంతా, మర్నాడు కూడా. కొట్టు మూసుకుని, తన సంచులూ దూదీ ఇక్కడికే తెచ్చుకుని, పక్కనే పని చేసుకుంటూ.

అక్క లేచింది. ఎదురుగా మనిషిని చూసింది. బల్ల మీద దిండుని చూసింది. సిగ్గుతో చచ్చిపోయి, "మీరెందుకొచ్చారండీ ఇక్కడికి?" అంది. కొత్తావిడ సంచులెత్తుకుని వెళ్ళిపోయింది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. అక్క దూది కూరి, మూతికి నోరానించి తెరిచింది. ఆవలింత లేదు. మళ్ళీ తెరిచింది. లేదు. దవడ నొప్పి పుట్టింది గానీ ఆవలింత పుట్టలేదు. జన్మకి సరిపడా నిద్రపోయిన ఒంటికి ఆవలింతెక్కడిది? అయినా కుట్టి అమ్మింది. వారం తిరక్కుండా దిళ్ళన్నీ తిరిగొచ్చాయి. "ఇది దిండు కాదమ్మా, బస్తా" అన్నాడు వకీలు. ఆయన కేసుల్లో మళ్ళీ అందరూ కొట్టుకుంటున్నారట.

వదిన మిషను ఆపేసింది. గలేబులు ఎవరి కోసం కుట్టాలి? తిట్టడం కూడా ఆపేసింది, అది మరీ భయం. ఒక్కసారే అంది: "నువ్వు పడుకుంటే నాకు సంతోషమే. కానీ ఇద్దరం ఏం తింటామే?"

అక్క గదిలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. బీరువా జోలికి పోలేదు. నడిచి నడిచి, ఆ దిండుని చంకలో పెట్టుకుని వీధి దాటింది. నాకు సరిగ్గా అప్పుడే కొత్తావిడకి దారపుండలు ఇచ్చి రావాలని గుర్తొచ్చింది.

"ఇదుగోండి మీ దిండు. నాకొద్దు" అంది అక్క.

"బాగాలేదా?"

"బాగుంది. అదే వచ్చిన చావు." అక్క దిండుని ముందుకు చాపింది. "నేను పడుకుంటే నా కొట్టు పోతుంది. మా వదిన పొయ్యి ఆరిపోతుంది. కాబట్టి ఇంక పడుకోను. మా అత్త పడుకోలేదు, నేనూ పడుకోను. ఆ కల మాత్రం... సరేలెండి. తీసుకోండి."

కొత్తావిడ దిండు తీసుకోలేదు. స్టూలెక్కి అటక మీద నుంచి ఒక మూట దింపి విప్పింది. దిండు. గలేబు మీద కుట్టు చూడగానే తెలిసిపోయింది, వదిన చేతిది.

"ఇది... మాది!"

"వచ్చిన కొత్తలోనే కొన్నాను. మీ వదినే అమ్మింది."

"కుట్టు విప్పి చూడ్డానికా?"

"పడుకోవడానికి. కానీ ఇంతవరకూ తల పెట్టలేదు. పెడితే నాదీ ఇదే గతి అని తెలుసు. ఊరికే అప్పుడప్పుడూ దింపి దులిపి పెట్టుకుంటాను."

అక్క ఆ గలేబు మీది కుట్టుని వేలితో తడిమింది. నేను దారపుండల లెక్క తప్పాను, నమ్మితే నమ్మండి.

"ఇంకో సంగతి చెప్పనా? ఆ రెండ్రోజులూ నీ పక్కన కూర్చున్నాను చూడు" అంది కొత్తావిడ. నువ్వు అంది! "నాకు ఊపిరాడనన్ని ఆవలింతలు. నిద్రపోయే మనిషి పక్కన కూర్చుంటే ఆగుతాయా? తెచ్చుకున్న సంచులన్నీ నిండాయి. అంత మంచి దిళ్ళు నా జన్మలో చెయ్యలేదు. కొన్నవాళ్ళు వచ్చి మరీ చెబుతున్నారు, నిద్రా ఉంది కలా ఉంది అని."

"అయితే?"

"అయితే ఏముంది? నువ్వు పడుకున్నప్పుడు నేను ఆవలిస్తాను. నేను పడుకున్నప్పుడు నువ్వు ఆవలించు. దిళ్ళు మీ వదిన గలేబుల్లోకి పోతాయి."

అక్క కాసేపు లెక్క చూసుకుంది. వ్యాపారస్తురాలు కదా. "అలాగైతే ఒకరు లేస్తే ఒకరు పడుకుంటారు. ఇంక ఇద్దరం కలిసి ఉండేదెప్పుడు?"

"అన్నం తినేటప్పుడు."

"అదెంతసేపని?"

"నువ్వు కూర్చుని తింటే చాలాసేపు."

అక్క చెప్పులు విప్పింది. నా కళ్ళతో చూశాను. తర్వాత చెయ్యి చాపి, ఆ పాపిట్లోని దూది పింజ తీసింది. పక్కన పారెయ్యకుండా గుప్పిట్లో పెట్టుకుంది. దారపుండలు అక్కడే వదిలేసి నేను బయటికొచ్చాను. ఎంత నేనైనా, కాస్త మర్యాద ఉంటుంది కదా. కిటికీ దగ్గర ఆగానంతే.

మంచాన్ని వదినే వీధి దాటించింది. ఇద్దరు మనుషుల చేత మోయించి, ముందు తను నడుస్తూ, "తప్పుకోండి, తప్పుకోండి, మా ఆడపడుచు మంచం" అని ఊరేగింపులా తీసుకెళ్ళింది. ఎవరో మూతి తిప్పితే, "ఏం, మీ ఇంట్లో నడుస్తుందా రాత్రంతా? పంపిస్తాను, ఉంచుకుంటారా?" అంది. ఎవరూ ఉంచుకుంటామనలేదు. ఆ రాత్రి వదిన నిద్రపోయింది చూడండి, మూడో పూటకి గానీ లేవలేదు.

ఇప్పుడు రెండు కొట్లకీ ఒకటే సరుకు. మా అక్క ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది, ఒంట్లో ఆ దురద పోలేదు. కొత్తావిడ పడుకున్నంతసేపూ మంచం చుట్టూ ప్రదక్షిణాలే. సంచి చేత్తో పట్టుకుని ఆవలిస్తుంది, కుడుతుంది, కిటికీ వేస్తుంది, తీస్తుంది, దుప్పటి సర్దుతుంది. ఆ కొత్తావిడ గురక ఉంది చూశారూ, రైలింజనే. నా కొట్లో గుండీలు సీసాలోంచి ఎగిరి పడతాయి. అయినా ఆ గురక కాస్త ఆగితే మా అక్క కంగారుగా వంగి చూస్తుంది.

ఇదంతా రాశానని తెలిసి నిన్న నా కొట్టుకొచ్చింది. నిలబడే చదివించుకుంది. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వచ్చింది.

"అంతా అబద్ధం" అంది. "నేను నిద్రపోలేదు, కళ్ళు మూసుకుని ఆలోచించుకుంటున్నాను. ఆవిడ నా పక్కన కూర్చోలేదు, అటుగా పోతూ ఆగింది. మంచం సంగతంటావా, ఎండలో వేశాం, తియ్యడం మర్చిపోయాం. పాపిట్లో దూదా? నేను తియ్యడమా? నాకేం పనిలేకనా? ఒక్క ముక్క నిజం లేదు ఇందులో, కొట్టెయ్ అన్నీ. ఇంకోటి, గురక పెడుతుందని రాశావు. ఎవరు చెప్పారే నీకు? పెట్టదు. ఊపిరి కాస్త గట్టిగా తీస్తుంది, అంతే."