పిలిస్తే లేవని పేరు

అమెరికాలోని డులూత్‌లోని జన్యుపరీక్షల క్లినిక్కులో ఇరవై రెండేళ్లుగా ముందుబల్ల దగ్గర కూర్చునే బెర్నిస్‌కి అబద్ధపు పేర్లు కొత్తకాదు. వంశంలోని జబ్బు తమ రక్తంలోనూ ఉందని తేలితే ఆరోగ్య బీమా ఊడుతుందని జనానికి భయం. అందుకే దొంగ పేరుతో వచ్చి రక్తమిచ్చి వెళ్లేవారు. బెర్నిస్ కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఎవరేం చెబితే అదే గుండ్రని అక్షరాలతో రాసుకునేది. పిలిచేటప్పుడు మాత్రం, పెట్టుకున్న పేరు మరిచిపోయి ఉంటారని, ఓపిగ్గా మూడుసార్లు పిలిచేది.

ఆ భయం తీర్చే చట్టం వచ్చిన మరుసటి ఏడాది, మంచు కురుస్తున్న ఓ ఉదయం “ఆన్ స్మిత్!” అని మూడుసార్లు పిలిచినా ఎవరూ లేవలేదు. గదిలో కూర్చున్నది ఒకే ఒక్క యువతి. బెర్నిస్ వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

“ఈ వారంలో నువ్వు నాలుగో స్మిత్‌వి తల్లీ. ఒక్కరి ముక్కూ ఇంకొకరితో కలవదు.”

ఆమె ముఖం కందిపోయింది. “అమ్మా, పిన్నీ ఇద్దరూ రొమ్ము క్యాన్సరుతోనే పోయారండీ. నాకూ వస్తుందని తెలిస్తే బీమావాళ్లు తీసేస్తారు.”

“ఇప్పుడు తీసెయ్యలేరు, రేటూ పెంచలేరు. చట్టమొచ్చింది. జీవిత బీమా సంగతి వేరు, దానికి నేను పూచీ పడను. కానీ దొంగ పేరు మీదొచ్చిన కాగితం చూసి ఏ డాక్టరూ నీకు వైద్యం చెయ్యడు. రేపు బతకాల్సింది స్మిత్తా, నువ్వా?”

ఆమె చేతి తొడుగులు విప్పి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, “సిగ్రిడ్ టోలెఫ్‌సన్” అంది.

బెర్నిస్ కొత్త కాగితం తెచ్చింది. ఈసారి పేరు తను రాయలేదు. కలం ఆమె చేతికిచ్చి, సిగ్రిడ్ రాసినంతసేపూ కింద అట్ట కదలకుండా పట్టుకుని కూర్చుంది.