కుంచంతో పైథాన్ నేర్పించిన మా అప్పలనాయుడు మావ

నిన్న పొద్దున్నే పైడమ్మత్త నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

మావ ఫోన్‌లో ఎప్పుడూ ఛార్జింగ్ ఉండదు, అత్త ఫోన్ నుంచే చేస్తాడు. అందుకని హలో కూడా అనకుండా, "మావా, ఇంటర్వ్యూ సోమవారమే" అని అరిచాను.

అటు నుంచి అత్త ఏడుపు.

టీ తాగి అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. గుండెపోటు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. చాలా దుఃఖంగా ఉంది. కానీ ఆయన గురించి రాద్దామని కూర్చుంటే నవ్వొస్తోంది, ఏం చెయ్యను!

తెలియని వాళ్ల కోసం: అప్పలనాయుడు మావ మా అమ్మకి తమ్ముడు. గజపతినగరం దగ్గర పల్లెలో వరి, నువ్వులు పండించేవాడు. నాకు పైథాన్ అనే కంప్యూటర్ భాష వచ్చిందంటే ఆయన వల్లే.

ఆయనకి వచ్చిందా అంటే, రాలేదు.

పెళ్లి, పిల్లలు, ఇల్లు... ఈ హడావుడిలో నా చదువు అటకెక్కింది. మళ్లీ ఉద్యోగం చెయ్యాలని గట్టిగా అనుకుని డేటా అనాలిసిస్ ఆన్‌లైన్ కోర్స్‌లో చేరాను. క్లాస్‌లో అందరూ కుర్రాళ్లు. మొదటి వారంలోనే లూప్స్ దగ్గర ఏడుపొచ్చి లాప్‌టాప్ మూసేశాను.

ఆ రోజు మా ఇంటికి వచ్చిన మావ చూశాడు.

"ఒసే గుంటా, నీకు అర్థం కానిది నాకు సెప్పు. నాకెలాగూ అర్థం కాదు, నువ్వు సిగ్గు పడక్కర్లేదు."

అలా మొదలైంది. ఆదివారం ఆదివారం వాళ్లింటికి వెళ్లి పాఠం చెప్పేదాన్ని. ఆయన బీడీ ఆర్పేసి మరీ వినేవాడు. "అదెందుకు?" అని అడిగేవాడు. చెప్పలేకపోతే నాకూ రాలేదని తెలిసిపోయేది. వీడియో మళ్లీ చూసుకుని వచ్చేదాన్ని.

ఒకసారి సొంతంగా డేటా తయారు చేసి గ్రాఫ్ గియ్యమని అసైన్‌మెంట్ ఇచ్చారు. మావకి హుషారొచ్చేసింది. ధాన్యం కుంచంతో కొలుద్దాం, ఒక్కో కుంచం కాటా మీద పెట్టి బరువు చూద్దాం, అన్నీ సమానంగా తూగుతాయో లేదో తేలిపోతుంది అన్నాడు. కొలవడం ఆయనే, ఒంటి వేలితో టైపింగూ ఆయనే. నన్ను కాటా దగ్గర కూర్చోబెట్టాడు.

ప్రోగ్రామ్ రన్ చేస్తే స్క్రీన్ నిండా ఎర్రగా ఎర్రర్.

కామాలు చూశాను, బ్రాకెట్లు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మధ్యాహ్నం భోజనం కూడా సయించలేదు. ఇంక నా వల్ల కాదు, ఈ కోర్స్ మానేస్తున్నాను అని చెప్పేశాను కూడా.

చివరికి మావ టైప్ చేసిన టేబుల్ పైకి జరిపి చూశాను.

నంబర్ అని ఉన్న కాలమ్‌లో వరసగా: లాభం, 2, 3, 4...

మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. మావ కంప్యూటర్‌కి కూడా అదే మర్యాద చేశాడు.

ఒకటి అని మార్చమంటే ససేమిరా అన్నాడు. "ధాన్యం కొలిసినప్పుడు ఒకటి అంతారేటే ఎవులైనా? నాను మార్సను. నీ మిషన్‌కే సెప్పుకో."

సరే, మిషన్‌కే చెప్పుకున్నాను. ఎక్కడైనా లాభం అని కనబడితే ఒకటి అనుకో అని ఒక లైన్ రాశాను. వీడియో చూడకుండా, ఎవరినీ అడక్కుండా నేను రాసిన మొదటి లైన్ అదే. గ్రాఫ్ వచ్చేసింది! నేను ఎగిరి గంతేశాను. కోర్స్ మానేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాతి ఆన్‌లైన్ క్లాస్ మావ ఇంట్లోనే కూర్చుని విన్నాను. సార్ నా ప్రోగ్రామ్ తెరిచి, ఈ లాభం ఏంటండీ అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే పక్క నుంచి మావ అందుకున్నాడు.

"బాబూ, మీదే ఊరు?"

"పార్వతీపురం అండీ."

"మరి మీ ఇంట్లో ధాన్యం కొలవరేటి?"

క్లాసంతా నవ్వులు. సార్ కూడా నవ్వేసి, మా అమ్మా లాభమే అంటుందండీ అని ఒప్పుకుని, ఇలా సరిచెయ్యడాన్ని డేటా క్లీనింగ్ అంటారని చెప్పారు. మావకి రోషం వచ్చింది. "క్లీనింగేటి? తూర్పారబట్టినాకే కొలిసినాం!"

మెషిన్ లెర్నింగ్‌లో కంప్యూటర్‌కి కొంత డేటాతో నేర్పించి, మిగతాది దాచిపెట్టి దానితో పరీక్ష పెడతాం కదా. అది మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. "ముందే సూపిస్తే ఎవుడైనా పాసైపోతాడు. నాను టెన్త్ ఎలా పాసయ్యానో నాకు తెల్దేటి?"

ఆ కోర్స్ పూర్తయింది. వైజాగ్‌లో మొదటి ఇంటర్వ్యూ వచ్చింది. రేపే, సోమవారం.

రేపే మావ మూడో రోజు కార్యం కూడా.

నిన్న సాయంత్రం అంతా అయ్యాక అత్త పక్కన కూర్చుని, ఇంటర్వ్యూకి వెళ్లనని చెప్పాను. నిజం చెప్పాలంటే నాకు భయం కూడా వేసింది. పక్కన మావ లేకుండా నాకు మాట వస్తుందా అని.

అత్త కళ్లు తుడుచుకుంది. నా వైపు ఒక చూపు చూసింది.

"కార్యానికి రాకపోయినా నానేటీ అనుకోను. ఆ ఇంటర్వ్యూకి ఎల్లకపోతే మాత్రం నా గుమ్మం తొక్కొద్దు."

పొద్దున్న ఫస్ట్ బస్సుకి వెళ్తున్నాను మావా.

నాకు చెప్పడం వచ్చేదాకా ఓపిగ్గా విన్నావు. ఇక విశ్రాంతి తీసుకో. నీ మనసు చల్లగా, శాంతిగా ఉండాలి.